మీ పాపను 47లోనే ఆడనివ్వండి

మీ ప్రశ్నలకు తైక్వాండో కోచ్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా పాపకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆరేళ్లుగా తైక్వాండో నేర్చుకుంటోంది. బరువు 46 కిలోలు. 44 కిలోల లోపు విభాగంలో దింపితే మెడల్ ఖాయమని వాళ్ల మాస్టర్ గారు అన్నారు. దాంతో పోయినసారి జిల్లా పోటీలకు పది రోజుల ముందు నుంచి రాత్రి అన్నం మానేసింది. స్వెటర్ మీద రెయిన్‌కోటు వేసుకుని మేడ మీద పరుగెత్తేది. బరువైతే సరిపోయింది గానీ, సెమీస్ చివరి రౌండులో ఇంకో మూడు సెకన్లు ఉందనగా గీత దాటిందని అవతలి అమ్మాయికి పాయింటు ఇచ్చారు. ఆ ఒక్క పాయింటుతో ఓడిపోయింది. ఇప్పుడు పదిహేడేళ్లకే ఒలింపిక్ మెడల్ కొట్టిన స్పెయిన్ అమ్మాయి వీడియోలు పదే పదే చూస్తోంది. ‘నాకింక మూడేళ్లే ఉందమ్మా’ అంటోంది. మళ్లీ అన్నం దగ్గర పేచీ మొదలైంది. వచ్చే ఏడాది టెన్త్. ఈ ఆటలో నిజంగా భవిష్యత్తు ఉందా? ఆపేయమంటారా, ఆడనివ్వమంటారా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఒలింపిక్స్ సంగతి తర్వాత చెప్తాను. ముందు అన్నం సంగతి. ఈ రాత్రి మీ పాపకు కడుపునిండా పెట్టండి. పప్పు, కూర, గుడ్డు, పెరుగు, ఇదివరకు ఎలా తినేదో అలాగే. 12 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు 44 తర్వాత మెట్టు 47 కిలోల లోపు విభాగం. 46 కిలోల పిల్ల ఆడాల్సింది అందులోనే. ఈ మాట మాస్టర్ గారికి మీరే వెళ్లి చెప్పండి. పిల్ల చేత చెప్పించకండి. మాస్టర్ మాట కాదనడం ఆ వయసులో పిల్లలకు చేతకాదు. నాకూ చేతకాలేదు.

నాకు పదహారేళ్లప్పుడు జాతీయ జూనియర్ పోటీలకు వెళ్లాను. ముందు రోజు సాయంత్రం బరువు చూస్తారు. మిషన్ ఎక్కితే 150 గ్రాములు ఎక్కువ వచ్చింది. గంట టైమ్ ఇచ్చారు. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఉమ్మేద్దామంటే నోట్లో తడి లేదు. అప్పుడు మా కోచ్ నా జడ వైపు చూశారు. నడుము దాటి ఉండేది నా జడ. ప్రతి ఆదివారం మా అమ్మ నూనె పట్టించి, కుంకుడుకాయతో తలంటి పెంచిన జుట్టు అది. బాత్రూంలో ఇంకో అమ్మాయి చేత ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఉన్న కత్తెరతో కోయించుకున్నాను. బ్యాండేజీ గుడ్డ కోసే కత్తెరకు జడ ఎక్కడ తెగుతుంది? అల్లిక విప్పి, పాయలు పాయలుగా కోసింది పాపం. మళ్లీ ఎక్కితే ముల్లు సరిగ్గా గీత మీద ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.

మర్నాడు మొదటి ఫైట్ గెలిచాను. రెండో ఫైట్లో చివరి రౌండుకొచ్చేసరికి తొడలు నావి కావు అన్నట్టు అయిపోయాయి. కిక్ కొట్టాలని అనుకుంటున్నాను, కాలు ఆలస్యంగా లేస్తోంది. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాను. ఇంటికొచ్చాక మా అమ్మ ఒక్క మాటా అనలేదు. అన్నం కలిపి ముద్దలు పెడుతూ, ఎడమచేత్తో నా మెడ వెనక తడుముతూ కూర్చుంది. ఇది జరిగి ముప్పై ఏళ్లు దాటింది. అందుకే మీ ఉత్తరంలో రెయిన్‌కోటు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

మీ పాప గీత దాటడం గురించి కూడా చెప్తాను. మ్యాట్ అంచు గీత అవతల కాలు పడితే తప్పు కింద లెక్క, గామ్‌జోమ్ అంటారు. అవతలి వాళ్లకు ఒక పాయింటు వెళ్తుంది. అది తెలియని పిల్ల ఉండదు. మొదటి వారం క్లాసులోనే నేర్పుతాం. తెలిసిన పిల్ల ఎందుకు దాటుతుంది? కాళ్లలో సత్తువ ఉంటే అవతలి అమ్మాయి మీదికి వస్తున్నప్పుడు పక్కకు తిరుగుతుంది, లేదా ముందుకాలు ఎత్తి ఆపుతుంది. సత్తువ లేనప్పుడు ఒళ్లు వెనక్కే పోతుంది. వెనక్కి వెనక్కి పోతే అక్కడ గీత ఉంటుంది. మీరు దాన్ని దురదృష్టం అనుకుంటున్నారేమో, నాకు మాత్రం పది రాత్రుల అన్నం గుర్తొచ్చింది.

మాస్టర్ గారి లెక్క వెనక కారణం లేకపోలేదు. ఇప్పటి ఆటలో చెస్ట్ గార్డులో, సాక్సుల్లో సెన్సర్లు ఉంటాయి. ముందుకాలు గాల్లో ఉంచి దూరం నుంచి తాకించే వాళ్లదే పైచేయి. కాబట్టి కాళ్లు పొడుగున్న పిల్లను కింది బరువులో దింపితే అక్కడ పొట్టి పిల్లలు ఎదురవుతారని ఆశ. పెద్దవాళ్లలో, పక్కన డైటీషియన్ ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకుంటారు. అక్కడా హద్దులున్నాయి. పెద్ద అంతర్జాతీయ పోటీల్లో ముందు రోజు బరువు చూడటమే కాదు, పోటీ రోజు పొద్దున కొందరిని పిలిచి మళ్లీ చూస్తారు. విభాగం బరువు మీద 5 శాతం మించి ఉంటే ఆడనివ్వరు. ఎండబెట్టి, ఎక్కించి, రాత్రికి రాత్రి నీళ్లు పోసి నింపే పద్ధతిని ఆపాలనే ఆ నియమం. కానీ మీ పాపకు పద్నాలుగేళ్లు. ఎముక పెరుగుతోంది, నెలసరి ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. ఈ వయసులో తిండి తగ్గించి కసరత్తు పెంచితే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు గట్టిపడాల్సిన సమయంలో గట్టిపడకపోవచ్చు. మీ పాపకు వరసగా రెండు మూడు నెలలు రాకపోతే సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చూపించండి.

ఇక ఆ స్పెయిన్ అమ్మాయి. పేరు ఆద్రియానా సెరెజో. మీ పాప చూస్తున్నది టోక్యో ఒలింపిక్స్ ఫైట్లు, 2021 జూలై 24. 49 కిలోల లోపు విభాగం. ఆ రోజు సెరెజో ఆట చూస్తే ఎవరికైనా మతి పోతుంది. మొదటి ఫైట్లో 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన సెర్బియా అమ్మాయి తియానా బొగ్దనోవిచ్‌ను ఇంటికి పంపింది. తర్వాత చైనాకు చెందిన వూ జింగ్‌యూ. 2008లో, 2012లో స్వర్ణాలు గెలిచి, తల్లయ్యాక మళ్లీ మ్యాట్ ఎక్కిన మనిషి. ఆమెను 33–2తో ఓడించింది. పదిహేడేళ్ల పిల్ల! ఫైనల్లో కూడా చివరి సెకన్ల దాకా 10–9తో ముందే ఉంది. అప్పుడు థాయ్‌లాండ్ అమ్మాయి ఒక బాడీ కిక్ కొట్టింది. బాడీకి తగిలితే రెండు పాయింట్లు. 11–10. అయిపోయింది.

మీ పాపను ఆ వీడియోలో రెండో అమ్మాయిని చూడమనండి. నేను మా హాల్లో పిల్లలకు చూపించేది ఆమెనే.

ఆమె పేరు పానిపాక్ వోంగ్‌పట్టనకిట్. దక్షిణ థాయ్‌లాండ్‌లో సూరత్ థానీ ఊరు. ఇంట్లో ముద్దుపేరు టెన్నిస్. అక్క ముద్దుపేరు బౌలింగ్, అన్నది బేస్‌బాల్. అలాంటి ఇల్లు. 2014లో నాంజింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్‌లో ఆమె స్వర్ణం గెలిచింది. ఏ బరువులో? 44 కిలోలు. మరుసటి ఏడాది రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. 46 కిలోలు. ఆ తర్వాతి ఏడాది రియో ఒలింపిక్స్‌లో దిగింది. 49 కిలోలు. పదిహేడేళ్లకు 44, పద్దెనిమిది నిండకముందే 46, పందొమ్మిదేళ్లకు 49. ఈ మూడు అంకెలు మా హాల్లో బరువు మిషన్ పైన గోడ మీద రాసిపెట్టాను. ఆ పిల్ల 44లో గెలిచాను కదా అని 44లోనే ఆగలేదు. ఎదిగే ఒంటితో పాటు విభాగాలూ పైకి వెళ్లాయి.

రియోలో ఏం జరిగిందో కూడా మీ పాపకు చెప్పండి. ఇది వీడియోల్లో అంతగా తిరగదు. క్వార్టర్స్‌లో కొరియా అమ్మాయి కిమ్ సో-హుయ్ మీద పానిపాక్ ఆధిక్యంలో ఉంది. ఇంకో కొన్ని సెకన్లు నిలబడితే సెమీస్. అప్పుడు కిమ్ కొట్టిన కిక్ తలకు తగిలింది. 6–5. ఒక్క పాయింటు. కిమ్ ఆ రోజు స్వర్ణం గెలిచింది. ఫైనల్‌కు వెళ్లిన వాళ్ల చేతిలో ఓడిన వాళ్లకు కాంస్యం కోసం ఇంకో అవకాశం ఇస్తారు, రెపిచాజ్ అంటారు. పానిపాక్ అందులో మళ్లీ లేచి కాంస్యం తెచ్చుకుంది. చివరి సెకన్లలో ఒక్క పాయింటుతో ఓడటం ఎలా ఉంటుందో పందొమ్మిదేళ్లకే తెలిసిన అమ్మాయి, ఐదేళ్ల తర్వాత టోక్యోలో చివరి సెకన్లలో ఒక్క పాయింటుతో గెలిచింది. ఆ ఐదేళ్లలో 2018 ఆసియా క్రీడల స్వర్ణం ఉంది, 2019లో మాంచెస్టర్‌లో రెండో ప్రపంచ టైటిల్ ఉంది. టోక్యో తర్వాత ఆగలేదు. 2024 పారిస్‌లో చైనాకు చెందిన గువో చింగ్ మీద ఫైనల్ గెలిచి, రెండో ఒలింపిక్ స్వర్ణంతో ఆట నుంచి తప్పుకుంది. థాయ్‌లాండ్‌లో ఏ ఆటలోనూ రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి అంతకుముందు లేరు. అప్పటికి ఆమెకు ఇరవయ్యేడేళ్లు నిండుతున్నాయి.

అదే పారిస్‌లో సెరెజో క్వార్టర్స్‌లో ఇరాన్ అమ్మాయి మోబినా నెమత్‌జాదె చేతిలో ఓడి, మెడల్ లేకుండా తిరిగి వెళ్లింది. ఆమెను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆమె ఆటంటే నాకెంతో ఇష్టం. పదిహేడేళ్లకు మెడల్ వస్తే ఆ తర్వాతిది దానంతట అదే రాదు, పదిహేడేళ్లకు రాకపోతే దారి మూసుకుపోదు అని మీ పాపకు తెలియాలి. ‘మూడేళ్లే ఉంది’ అన్న లెక్క పిల్ల మనసులోంచి తీసేయాలి. యూత్ ఒలింపిక్స్ స్వర్ణం నుంచి ఒలింపిక్ స్వర్ణం దాకా పానిపాక్‌కు ఏడేళ్లు పట్టింది. అదీ అంతటి పిల్లకు.

ఇంకో మాట. ఆ మెడల్ ఒక్క పిల్ల కష్టం కాదు. కొరియా నుంచి చోయ్ యంగ్-సోక్ అనే కోచ్ 2002లో థాయ్‌లాండ్ వచ్చారు. 2004 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లో తైక్వాండోలో ఆ దేశానికి మెడల్ వచ్చింది. కాంస్యం, రజతం, మళ్లీ కాంస్యం, రియోలో రజతం, కాంస్యం. స్వర్ణం మాత్రం టోక్యోలోనే. అంటే ఒకే కోచ్, ఒకే పద్ధతి, పంతొమ్మిదేళ్ల ఓపిక. మన దగ్గర ఇది లేదు. సిడ్నీలో 2000లో ఇది మెడల్ క్రీడ అయినప్పటి నుంచి పారిస్ దాకా మన దేశం నుంచి ఒక్కరూ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. మన పిల్లల్లో దమ్ము లేక కాదు. ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్లు కావాలంటే ఏడాది పొడుగునా దేశాలు తిరిగి ఓపెన్ టోర్నీలు ఆడాలి. విమానం టికెట్టు, హోటలు, ఎంట్రీ ఫీజు, తోడు కోచ్ ఖర్చు. ఒక మధ్యతరగతి ఇల్లు ఎన్నిసార్లు భరిస్తుంది?

కాబట్టి భవిష్యత్తు ఉందా అన్న మీ ప్రశ్నకు జవాబు దాచకుండా చెప్తాను. క్రికెట్లాగా ఇందులో డబ్బు రాదు. చాలా ఏళ్లు మీరే పెట్టాలి. ఆడిన వాళ్లలో ఎక్కువమంది చివరికి కోచ్‌లుగా, రిఫరీలుగా, స్కూల్లో పీఈటీలుగా స్థిరపడతారు. నేనూ అంతే. ఇది నచ్చితేనే చేయాలి. మీ పాపకు నచ్చింది, ఆరేళ్లు నిలబడింది. ఆపేయకండి. టెన్త్ ఏడాదిలో వారానికి మూడు రోజులు, పొద్దున గంట చాలు. ఆ ఏడాది ఆమె జూనియర్స్‌లోకి వస్తుంది. అక్కడ అమ్మాయిలకు 46, 49, 52 అని మెట్లుంటాయి. ఏ మెట్టు అన్నది అప్పటి ఆమె ఒళ్లు చెప్తుంది. మనం కాదు, మాస్టర్ గారూ కాదు.

47లో మొదటి టోర్నీ ఓడిపోవచ్చు. కొంచెం బలమైన పిల్లలు ఎదురవుతారు. ఓడినా కాళ్లు చివరి దాకా పనిచేశాయా లేదా అన్నది ఒక్కటే చూసి, నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: మా అబ్బాయి వయసు పదకొండు. ‘అంతర్జాతీయ చాంపియన్‌షిప్’కు ఎంపికయ్యాడు, పక్క దేశంలో పోటీ, 70 వేలు కట్టాలి అని ఒక సంఘం నుంచి లెటర్ వచ్చింది. ఇండియా అని రాసిన టీషర్టు కూడా ఇస్తారట. పంపమంటారా?
– ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: డబ్బు కట్టే ముందు వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. ఈ టోర్నీ ఈ ఆట ప్రపంచ సంస్థ అయిన వరల్డ్ తైక్వాండో క్యాలెండర్లో ఉందా? ఉంటే ర్యాంకింగ్ పాయింట్ల లెక్కలో దాని గ్రేడ్ ఎంత, జీ-1నా, జీ-2నా? రెండోది, మా వాడికి గ్లోబల్ అథ్లెట్ లైసెన్స్ చేయిస్తారా? ఆ లైసెన్స్ ప్రపంచ సంస్థ గుర్తించిన జాతీయ సమాఖ్య ద్వారానే వస్తుంది. ర్యాంకింగ్ పాయింట్లు ఇచ్చే టోర్నీలు అది లేకుండా ఆడనివ్వవు. క్యాలెండర్ ఇంటర్నెట్లో ఎవరైనా చూడొచ్చు, మీరే వెతుక్కోండి. మన దేశంలో ఈ ఆటకు మాదే అసలు సంఘం అని చెప్పుకునే వాళ్లు ఒకరికి మించి ఉన్నారు. లెటర్ మీద ముద్ర చూసి నమ్మకండి.

‘ఎంపిక’ అన్నారు కదా, సెలెక్షన్ ట్రయల్స్ ఎక్కడ జరిగాయి? మీ అబ్బాయి ఎవరితో ఆడి గెలిస్తే ఎంపికయ్యాడు? ఎవరితోనూ ఆడకపోతే అది ఎంపిక కాదండీ, టూరు. పిల్లాడికి వేరే దేశం చూపిద్దామనుకుంటే తప్పేం లేదు, హాయిగా పంపండి. కానీ తిరిగొచ్చాక వాడు మెడలో మెడల్ వేసుకుని స్కూల్లో నిలబడతాడు, పేపర్లో ఫొటో వస్తుంది. పదిహేనేళ్లకు నిజమైన జాతీయ పోటీలో మొదటి రౌండులోనే ఓడినప్పుడు వాడికి ఏం జరిగిందో అర్థం కాదు. అలాంటి పిల్లలు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చారు, ఒకరిద్దరు కాదు. ఆ 70 వేలతో ఏడాది పొడుగునా మంచి కోచింగ్, ఒక మంచి చెస్ట్ గార్డు, రాష్ట్ర పోటీలకు రాకపోకలు, అన్నీ అయిపోతాయి.

ప్రశ్న: మా చెల్లికి పందొమ్మిదేళ్లు. పుట్టుకతోనే ఎడమచెయ్యి మోచేతి కింద లేదు. కాలేజీలో స్నేహితురాలి వెంట తైక్వాండో క్లాసుకు వెళ్లొచ్చి, ‘నేనూ చేరతాను’ అంటోంది. ఇంట్లో అందరూ భయపడుతున్నారు. తగిలితే ఎలా?
– ఓ అన్నయ్య, శ్రీకాకుళం

జవాబు: చేర్పించండి, తమ్ముడూ. తైక్వాండో ముఖ్యంగా కాళ్ల ఆట. మీ చెల్లిలాంటి వాళ్ల కోసం పారా తైక్వాండో ఉంది. అందులో తలకు కిక్ కొట్టడం నిషేధం, బాడీకే కొట్టాలి. కాబట్టి ఇంట్లో వాళ్ల భయం సగం అక్కడే తీరాలి. టోక్యో పారాలింపిక్స్‌తో ఇది మెడల్ క్రీడ అయింది. హర్యానా అమ్మాయి అరుణా తన్వర్ అప్పుడే ఆడింది. తైక్వాండోలో మన దేశం నుంచి పారాలింపిక్స్‌కు వెళ్లిన మొదటి మనిషి ఆమె. అఫ్గానిస్థాన్ అమ్మాయి జకియా ఖుదాదాదీ అదే టోక్యోకు 2021లో కాబూల్ నుంచి బయటపడి వెళ్లింది. ఆమెకూ ఒక ముంజేయి పూర్తిగా లేదు. 2024 పారిస్‌లో శరణార్థుల జట్టు తరఫున కాంస్యం గెలిచింది. పారాలింపిక్స్‌లో ఆ జట్టుకు అదే మొట్టమొదటి మెడల్.

పోటీల దాకా వెళ్తే చెయ్యి ఏ వర్గంలోకి వస్తుందో పరీక్షించి నిర్ణయిస్తారు. అది తర్వాతి మాట. మొదటి ఆరు నెలలు అందరితో పాటే మామూలు క్లాసులో నేర్చుకోవచ్చు. కిక్ కొట్టేటప్పుడు బ్యాలెన్స్ కోసం భుజాలు వాడతాం, ఎడమవైపు బరువు తక్కువ కాబట్టి మొదట్లో కుడికి తూలుతుంది. గోడ పట్టుకుని నెమ్మదిగా కాలు లేపే కసరత్తు రోజూ పది నిమిషాలు చేయిస్తే ఒళ్లే సర్దుకుంటుంది.

చెస్ట్ గార్డు తాళ్లు ఎలా కట్టుకుంటానో అని మీ చెల్లి దిగులు పడొచ్చు. అవి వీపు వెనక ఉంటాయి. రెండు చేతులున్న మేమూ సొంతంగా కట్టుకోలేం, పక్కనున్న వాళ్లే కట్టాలి. మొదటి రోజు మీరు వెంట వెళ్లి ఆ ముడి మీరే వేయండి.